భూవినియోగ ముసాయిదా ప్లాన్‌ను రైతు ఎలా చదవాలి

ఏ భూమిని దేనికి వాడాలో చెప్పే ముసాయిదా ప్లాన్ బయటికి రాగానే చాలామంది ముందుమాట నుంచి మొదలుపెట్టి మూడో పేజీకే విసిగిపోతారు. నేనైతే ముందు మ్యాప్ తీస్తాను. మన పొలం ఏ రంగులో పడిందో చూసి, ఆ రంగుకు రాసిన నిబంధన చదువుతాను. ‘వ్యవసాయ జోన్’ అని ఉంది కదా అని ధీమా పడొద్దు. ఆ జోన్‌లో ప్రత్యేక అనుమతితో ఏమేం కట్టుకోవచ్చో విడిగా ఒక జాబితా ఉంటుంది. గోదాములైనా, ఇళ్ల స్థలాలైనా ఆ సందులోంచే దూరతాయి.

తర్వాత నేల మ్యాప్, అంటే ఎక్కడ ఎలాంటి నేల ఉందో చూపే పటం, అడగండి. 1961లో అమెరికా వ్యవసాయ శాఖ ప్రచురించిన వర్గీకరణలో నేలలు 8 తరగతులు. మొదటి 4 సాగుకు పనికొచ్చేవి, మిగతావి ఎక్కువగా పచ్చికకూ అడవికీ. మీ దగ్గర ఏ పద్ధతి వాడినా చూడాల్సింది ఒక్కటే: మంచి నేల మీదే ఇళ్ల రంగు పడిందా? పక్కనే రాళ్ల నేల ఖాళీగా ఉంటే మీ వాదన సగం గెలిచినట్టే.

వాననీరు పారే దారులు, పొలాలకు వెళ్లే బాటలు మాత్రం కాగితం మీద చూసి నమ్మకండి, నడిచి చూడండి. కొత్త రోడ్డు గట్టులా అడ్డం పడితే పై పొలాలు మునుగుతాయి.

అభ్యంతరం రాతపూర్వకంగానే ఇవ్వండి. ‘మా భూములు కాపాడండి’ అని రాస్తే ఫైల్లో పడుంటుంది. ఏ పేజీ, ఏ నిబంధన, దాన్ని ఎలా మార్చాలి అన్నది రాసి, నేల మ్యాప్ జతచేసి, గడువులోపు ఇచ్చి రసీదు తీసుకోండి.