ఉత్సవ ప్రకటనను మీడియా తిరస్కరించినప్పుడు ఏం చేయాలి?

కడపలో పెద్ద దర్గా ఉరుసుకో, దేవుని కడప బ్రహ్మోత్సవాలకో, చర్చి పండుగకో ప్రకటన పంపిన నిర్వాహకులకు అది తిరిగి వస్తే మనసు నొచ్చుకోవడం సహజమే. అయితే తమ మతాన్ని అవమానించారని వెంటనే అనుకోకుండా, తిరస్కరణకు కారణమేమిటో రాతపూర్వకంగా తెలపాలని ప్రకటనల విభాగాన్ని ముందుగా అడగాలి; తర్వాత ఏం చేయాలన్నది ఆ కారణాన్ని బట్టే తేలుతుంది.

కారణం చట్టమే అయితే వాదించి ప్రయోజనం లేదు. కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ నిబంధనలు, 1994లోని 7వ నిబంధన ప్రకారం, పూర్తిగా గానీ ప్రధానంగా గానీ మతపరమైన ఉద్దేశం గల ప్రకటనలను ప్రసారం చేయకూడదు. ఆకాశవాణి ప్రకటనల నియమావళిలోనూ ఇలాంటి నిషేధమే ఉంది. అలాంటప్పుడు ప్రకటన కోసం పట్టుబట్టకుండా, ఊరేగింపు వెళ్లే దారి, వేళలు, బస్సుల ఏర్పాట్లు, తాగునీటి వసతి వంటి వివరాలతో విలేకరులకు పత్రికా ప్రకటన (ప్రెస్ నోట్) ఇవ్వాలి. అది వార్తగా వెళుతుంది, జనానికి కావలసిందీ అదే.

ఈ నిబంధన పత్రికలకు వర్తించదు. అక్కడ తిరస్కరణ సంస్థ సొంత నిర్ణయం. అచ్చయిన ప్రకటనకూ సంపాదకుడే బాధ్యుడని ప్రెస్ కౌన్సిల్ ప్రమాణాలు చెబుతున్నందున, వారి జంకును అర్థం చేసుకుని మన వాక్యాలను మనమే పరిశీలించుకోవాలి. తాయెత్తుతోనో మంత్రంతోనో రోగం నయమవుతుందన్న మాట ఉంటే, 1954 నాటి ఔషధాలు, మాయా చికిత్సల చట్టం కింద అది నేరం కాగలదు కాబట్టి తీసివేయాలి. మరొక మతాన్ని తక్కువ చేసే మాట ఒక్కటున్నా ఆ తిరస్కరణ న్యాయమైనదేనని నా అభిప్రాయం. ఉగాది నాడు ముస్లింలు దేవుని కడప ఆలయానికి వచ్చి మొక్కుకునే ఊరిలో అలాంటి మాటకు చోటు ఉండకూడదు.

ప్రకటనలో ఏ లోపమూ లేకపోయినా, అదే పత్రిక మరొక మతం వారి ఇలాంటి ప్రకటనను వేసిందని తెలిస్తే మాత్రం ఊరుకోకూడదు. అచ్చయిన ప్రకటన ప్రతిని, మన నమూనాను జతచేసి, ఈ తేడాకు కారణం చెప్పాలని సంపాదకుడికి మర్యాదగా లేఖ రాయాలి. ప్రైవేటు పత్రికను బలవంతపెట్టలేం గనుక, జవాబు కోసం ఎదురుచూస్తూ పండుగను చేజార్చుకోకుండా ఆ లోగానే మరో పత్రికను సంప్రదించి, కరపత్రాలు అచ్చు వేయించాలి. ఆటోకు మైకు కట్టి ప్రచారం చేయాలంటే ముందుగా అధికారుల నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మైకు మోగించకూడదు.