కుక్కతో యూరప్ వెళ్లే దంపతులకు: ఆఫర్ లెటర్ కంటే ముందే మొదలుపెట్టాల్సిన పని

అమలాపురం, రాజోలు, భీమవరం వైపు నుంచి యూరప్ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు ముందు ఆఫర్ లెటర్, ఆ తర్వాత వీసా, టికెట్లు కొన్నాక కుక్క సంగతి అని అనుకుంటారు. ఆ వరుసలో వెళ్తే కుక్క ఇంటి దగ్గరే మిగిలిపోతుంది. ఇండియా నుంచి యూరోపియన్ యూనియన్‌కు కుక్కను తీసుకెళ్లాలంటే కనీసం నాలుగు నెలలు పడుతుంది. ఎంత డబ్బు పోసినా ఆ గడువు తగ్గదు. అయితే ఈ పనికి ఆఫర్ లెటర్ అక్కర్లేదు. ఉద్యోగం వెతకడం మొదలుపెట్టిన వారమే కుక్క పనీ మొదలుపెట్టేయండి.

ఉద్యోగం ఏజెంటు ద్వారా అయితే విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో అతని లైసెన్స్ నంబరు చూడండి, గడువు తీరిందేమో కూడా చూడండి. అభ్యర్థి నుంచి తీసుకోదగ్గ సర్వీస్ చార్జీ 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకు మించి అడిగినా, రసీదు ఇవ్వనన్నా అక్కడే ఆగిపోండి. ‘విజిట్ వీసా మీద వెళ్లండి, అక్కడ మార్పిస్తాం’ అనేవాళ్ల చేతిలో పాస్‌పోర్టు పెట్టవద్దు.

పెళ్లి సర్టిఫికెట్‌లో చూడాల్సింది పేర్లు. భార్య పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరు ఉండటం తప్పేమీ కాదు, మార్పించాల్సిన పనీ లేదు. కానీ సబ్ రిజిస్ట్రార్ ఇచ్చే సర్టిఫికెట్‌లో పేర్లు ఇద్దరి పాస్‌పోర్టుల్లో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా ఉండాలి. పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు ఉండి, సర్టిఫికెట్‌లో పొడి అక్షరం పడితే ఫ్యామిలీ వీసా దగ్గర ప్రశ్నలు వస్తాయి. రిజిస్ట్రేషన్ రోజు పాస్‌పోర్టు ముందు పెట్టుకుని చదివి, అప్పుడే సంతకం చేయండి.

ఇక కుక్క. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. అన్నిటికంటే ముందు మైక్రోచిప్. బియ్యపుగింజంత ఉండే దీన్ని మెడ వెనక చర్మం కింద సూదితో ఎక్కిస్తారు. ఐఎస్ఓ అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఉన్న 15 అంకెల చిప్పే కావాలి. అన్ని పశువుల ఆసుపత్రుల్లోనూ ఇది దొరకదు కాబట్టి ఫోన్ చేసి అడిగి వెళ్లండి, చిప్ నంబరు చదివే రీడర్ కూడా ఉందో లేదో కనుక్కోండి. వేయకముందు ఒకసారి, వేశాక ఒకసారి రీడర్‌తో చదివించండి.

చిప్ వేశాకే రేబిస్ టీకా. అదే రోజు వేయించినా ఫర్వాలేదు, ముందు వేసింది మాత్రం లెక్కలోకి రాదు. జులై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం శిబిరంలో టీకా వేయించి ఉంటే కుక్కకు అది మంచిదే, కానీ చిప్‌కు ముందు వేసింది కాబట్టి ఈ ప్రయాణానికి పనికిరాదు. మళ్లీ వేయించాలి. కార్డు మీద టీకా సీసా స్టిక్కరు, బ్యాచ్ నంబరు, తేదీ, డాక్టరు సంతకం, ముద్ర, చిప్ నంబరు ఉండాలి. కుక్క వయసు కనీసం 12 వారాలు నిండాలి.

టీకా వేసిన 30 రోజుల తర్వాత రక్తం తీసి, యూరోపియన్ యూనియన్ ఆమోదించిన ల్యాబ్‌కు పంపాలి. రేబిస్‌ను ఎదుర్కొనే యాంటీబాడీలు మిల్లీలీటరుకు 0.5 యూనిట్లు లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి. ఫారంలో చిప్ నంబరు ఒక్క అంకె తప్పు పడినా రిపోర్టు మీ కుక్కది కాకుండా పోతుంది. ఇక్కడి నుంచి మూడు నెలలు ఆగాలి. రిపోర్టు వచ్చిన తేదీ నుంచి కాదు, రక్తం తీసిన తేదీ నుంచి. జూన్ 1న చిప్, టీకా అయ్యి, జులై 3న రక్తం తీస్తే అక్టోబరు 3కి ముందు కుక్క అక్కడ అడుగు పెట్టలేదు. కంపెనీతో చేరే తేదీ మాట్లాడేటప్పుడు ఈ తేదీ దగ్గర ఉంచుకోండి.

ఉద్యోగం ఆలస్యమైతే చేసిందంతా వృథా అవుతుందని భయపడక్కర్లేదు. టీకా గడువు దాటకుండా బూస్టర్ వేయిస్తూ ఉంటే అదే రిపోర్టు చెల్లుతూనే ఉంటుంది. బూస్టర్ ఒక్కరోజు ఆలస్యమైతే మాత్రం టీకా, రక్తపరీక్ష, మూడు నెలలు మళ్లీ మొదటికొస్తాయి.

పాత తేదీలతో సర్టిఫికెట్ తెచ్చిపెడతామనేవాళ్లు తగులుతారు. అక్కడి అధికారులు రిపోర్టును ల్యాబ్‌తో సరిచూసుకోగలరు. కాగితాలు తప్పని తేలితే కుక్కను వెనక్కి పంపవచ్చు, మీ ఖర్చుతో క్వారంటైన్‌లో పెట్టవచ్చు, వేరే దారి లేకపోతే చంపేయవచ్చు కూడా. పోయేది ఏజెంటు కుక్క కాదు, మీది.

దంపతులు ముందే తేల్చుకోవాల్సింది మరొకటి ఉంది. కుక్క ప్రయాణం, యజమాని ప్రయాణం మధ్య తేడా ఐదు రోజులకు మించకూడదు. భర్త ముందు వెళ్లి ఉద్యోగంలో చేరి, భార్య నెలల తర్వాత ఫ్యామిలీ వీసా మీద వెళ్లేటట్టయితే కుక్క ఆమెతోనే వెళ్తుంది. అందుకని టీకా కార్డు నుంచే యజమానిగా ఆమె పేరు రాయించండి.

చివరి వారంలో హైదరాబాద్ లేదా చెన్నైలో ఉన్న కేంద్ర ప్రభుత్వ జంతు క్వారంటైన్ కేంద్రం నుంచి ఆరోగ్య ధ్రువపత్రం తీసుకోవాలి. ముందే అపాయింట్‌మెంట్ తీసుకుని, పాస్‌పోర్టు, టికెట్టు, టీకా కార్డు, ల్యాబ్ రిపోర్టు, స్థానిక డాక్టరు సర్టిఫికెట్‌తో పాటు కుక్కనూ వెంట తీసుకెళ్లండి. ధ్రువపత్రం ఇచ్చిన 10 రోజుల్లోపు కుక్క యూరప్ చేరాలి, కాబట్టి మరీ ముందుగా తీసుకోవద్దు. ఐర్లాండ్, ఫిన్లాండ్, మాల్టా వెళ్లే కుక్కలకు అక్కడ దిగడానికి 24 నుంచి 120 గంటల ముందు బద్దెపురుగు మందు డాక్టరే వేసి, వేసిన సమయం ధ్రువపత్రంలో రాయాలి. గంటలు లెక్కపెట్టాల్సింది విమానం ఎక్కే వేళకు కాదు, దిగే వేళకు.