మూత సందు మూయాలంటే: గిన్నెకి మైదా ముద్ద, ల్యాబ్‌లో గ్రీజు

మూత సరిగ్గా కూర్చోని గిన్నెలో ఆవిరంతా పక్కనించి పోయి అడుగు మాడుతుంది కదా, దానికి పిండి ముద్దని మించింది లేదు. కప్పు మైదాకి పావు కప్పు, ఇంకాస్త నీళ్ళు పోసి గట్టిగా కలపండి, వేలితో నొక్కితే గుంట పడాలి కానీ వేలికి అంటకూడదు. పది నిమిషాలు తడిగుడ్డ కప్పి ఉంచి, బొటనవేలు లావున తాడులా చేయండి. గిన్నె అంచుకి నూనె ఉంటే అస్సలు పట్టదు, ముందు తుడిచేయండి. తాడు పెట్టి, మూత వేసి, చుట్టూ నొక్కుకుంటూ రండి, రెండు చివరలూ కలిసే చోట ఇంకా గట్టిగా, ఎందుకంటే నాకు లీకు వచ్చిందంతా అక్కడే. మంట సన్నగానే ఉండాలి. ఎక్కడన్నా ఆవిరి చిమ్మితే చిటికెడు పిండి తడిచేసి అతికించండి చాలు. మూతకి క్లిప్పులు మాత్రం బిగించొద్దు ప్లీజ్, ఆవిరి ఎక్కువైతే ముద్ద చిట్లి దారివ్వాలి. తీసేటప్పుడు ఎండిన పిండిని చాకుతో పగలగొట్టి, మూతని ముందు అవతలి వైపు లేపండి, లేదంటే ఆవిరి మొహానికి కొడుతుంది.

ల్యాబుల్లో కూడా ఒకప్పుడు ఇదే పద్ధతి, బంకమట్టిని అవిసె నూనెతో పిసికి, లేదా సున్నంలో కోడిగుడ్డు తెల్లసొన కలిపి గొట్టాల సందులు మూసేవాళ్ళు. ఇప్పుడు గ్రౌండ్ గ్లాస్ జాయింట్లు (ఒకదాన్లో ఒకటి దూరేలా గరుకుగా అరగదీసిన గాజు కొసలు), వాటికి గ్రీజు. లోపలికి దూరే జాయింటు మీద, వెడల్పు వైపు మాత్రమే, రెండు మూడు సన్నటి గీతలు పెట్టి దూర్చి తిప్పండి, గరుకుగా తెల్లగా ఉన్న గాజు ఒక్కసారిగా పారదర్శకంగా అయిపోతుంది, అదే గుర్తు. మచ్చలుంటే చాలలేదు, బయటికి పొంగితే ఎక్కువైంది. ఎక్కువైనది సాల్వెంట్లో కరిగి ఫ్లాస్కులోకి దిగుతుంది, సిలికాన్ గ్రీజైతే కాంపౌండ్ నిర్మాణం చూపించే పరీక్ష ఎన్‌ఎమ్‌ఆర్‌లో గ్రాఫు మీద 0 పీపీఎమ్ దగ్గర పీక్ వస్తుంది, ఆ పీక్ నా కాంపౌండ్‌దే అనుకుని ఒక రోజంతా పోగొట్టుకున్నా. సోడియం హైడ్రాక్సైడ్ లాంటి క్షారాలు వాడితే జాయింటు బిగుసుకుపోతుంది కాబట్టి గ్రీజో టెఫ్లాన్ స్లీవో (జాయింటుకి వేసే పలచటి తొడుగు) తప్పనిసరి. పారాఫిల్మ్ (సాగదీసి చుట్టే మైనపు పొర) 60 డిగ్రీల దగ్గర మెత్తబడి కరుగుతుంది, సీసాలు దాచుకోడానికే వాడండి.

రిఫ్లక్స్ పెడితే, అంటే ద్రవాన్ని మరిగిస్తూ ఆ ఆవిరిని పైన చల్లార్చి మళ్ళీ ఫ్లాస్కులోకే దించుతుంటే, జాయింట్లన్నీ ఎంత బాగా మూసినా కండెన్సర్ (ఆవిరిని చల్లార్చే గొట్టం) పైభాగం గాలికో, గ్యాసుని ద్రవంలోంచి బుడగలుగా బయటికి వదిలే బబ్లర్‌కో తెరిచే ఉండాలి. అక్కడ పిండి ముద్దలా చిట్లి కాపాడేది ఏదీ లేదు, పగిలేది గాజే.