సలెర్నో ప్రావిన్స్‌ను తీరిగ్గా చూసి రావడం ఎలా?

ఇటలీ వెళ్లినవాళ్లు చాలామంది అమాల్ఫీ తీరాన్ని ఒక్క రోజులో చుట్టేసి రోమ్‌కు తిరిగొచ్చేస్తారు. దక్షిణ ఇటలీలోని సలెర్నో ప్రావిన్స్‌లో ఆ తీరం ఒక ముక్క మాత్రమే. దాని దక్షిణాన గ్రీకు గుళ్లు, గేదెలు మేపే మైదానం, చిలెంతో కొండలు ఉన్నాయి. కనీసం ఐదు రోజులు కేటాయించండి.

1. ముందుగా షెంగెన్ వీసా. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయొచ్చు. కనీసం 30,000 యూరోల ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. మే నెల గానీ, సెప్టెంబరు చివర గానీ ఎంచుకోండి. ఆగస్టులో అడుగు పెట్టే చోటుండదు.

2. మకాం సలెర్నో ఊళ్లోనే పెట్టండి. నేపుల్స్ నుంచి రైలుంది. ఆ తీరంలోని అమాల్ఫీ, పొజితానో ఊళ్లతో పోలిస్తే గదులు చవక. సాయంత్రం 11వ శతాబ్దపు కెథడ్రల్‌కు వెళ్లండి. కింద భూగర్భ మందిరంలో యేసు శిష్యుడు సెయింట్ మాథ్యూ సమాధి ఉంది.

3. అమాల్ఫీకి పడవలో వెళ్లి బస్సులో తిరిగి రండి. పడవలు వసంతం నుంచి శరదృతువు దాకానే తిరుగుతాయి. బస్సు టికెట్‌ను తబక్కి అనే సిగరెట్ల దుకాణంలో ముందే కొనుక్కోండి. తిరుగు ప్రయాణంలో కుడివైపు కూర్చుంటే సముద్రం మీ పక్కనే ఉంటుంది. టైమ్ చాలకపోతే పొజితానో వదిలేసి, కొండ మీది రవెల్లోకు వెళ్లమంటాను.

4. ప్రాచీన గ్రీకు నగరం పెస్తుమ్‌కు పొద్దున్నే లోకల్ రైలెక్కండి. కాగితం టికెట్ అయితే స్టేషన్లోని మెషీన్‌లో ముద్ర వేయించాకే ఎక్కాలి, లేదంటే ఫైన్. అక్కడ డోరిక్ అనే పాత గ్రీకు శైలిలో కట్టిన మూడు గుళ్లున్నాయి, అన్నీ సుమారు 2,500 ఏళ్ల నాటివి. అన్నిటికన్నా పాతదాని ముందు నిలబడి స్తంభాలు లెక్కపెట్టండి: తొమ్మిది. బేసి సంఖ్య కావడంతో సరిగ్గా మధ్యలో స్తంభం వస్తుంది, లోపల కూడా నడిమి వరుస స్తంభాలు గుడిని రెండుగా చీలుస్తాయి. ఆ తర్వాత మ్యూజియం తప్పకుండా చూడండి. 1968లో దొరికిన ఒక సమాధి మూత రాయి లోపలివైపు, నీళ్లలోకి దూకుతున్న యువకుడి బొమ్మ ఉంది. చనిపోయినవాడికి తప్ప ఎవరికీ కనబడని చోట అంత హాయైన బొమ్మ గీశారు! నాకైతే ఈ ప్రావిన్స్ మొత్తంలో దాన్ని మించింది లేదు.

5. ఆ చుట్టుపక్కలే గేదె పాలతో మొజరెల్లా చీజ్ చేస్తారు. మధ్యాహ్నంలోపు కొని, ఫ్రిజ్‌లో పెట్టకుండా అదే రోజు తినండి. కోస్తే పాలు కారాలి. శాకాహారులు ఒక సంగతి గమనించాలి: సంప్రదాయ పద్ధతిలో పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ వాడతారు.

6. పదూలా ఊళ్లోని క్రైస్తవ సన్యాసుల మఠానికి వెళ్లాలంటే కారు ఉంటే సులువు. 1306లో మొదలైన ఈ మఠం ప్రాంగణం చుట్టూ నడవడానికే చాలాసేపు పడుతుంది. మన లైసెన్స్‌తో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకెళ్లండి. ఆ కారును అమాల్ఫీ రోడ్డు మీదికి మాత్రం తీసుకెళ్లకండి. దారి ఇరుకు, పార్కింగ్ దొరకదు, సీజన్లో సరి-బేసి నంబర్ల ఆంక్షలు కూడా ఉంటాయి.