కణాన్ని చదవడం – 3వ పాఠం: కోడి నెత్తురు, మేక నెత్తురు

కిందటి పాఠంలో మైక్రోస్కోపు సర్దుకోవడం, నూనె చుక్క వేసి 100ఎక్స్ లెన్సు వాడటం నేర్చుకున్నాం. ఈసారి కాస్త నెత్తురు కావాలి. పొద్దున్నే చికెన్ సెంటర్‌కీ, మటన్ కొట్టుకీ ఒక్కో ఇడీటీఏ గొట్టం (నెత్తురు గడ్డకట్టకుండా ఆపే మందున్నది) పట్టుకెళ్తే పని అయిపోతుంది. పట్టిన వెంటనే గొట్టాన్ని మెల్లగా ఏడెనిమిదిసార్లు తలకిందులు చేయండి. గట్టిగా ఊపారో, కణాలు పగిలిపోతాయి.

స్లైడు మీద అగ్గిపుల్ల తలంత చుక్క చాలు. రెండో స్లైడును 30–45 డిగ్రీల వాలులో పట్టుకుని చుక్కను తాకేదాకా వెనక్కి తేండి. చుక్క అంచు పొడవునా పాకగానే ఒక్క ఊపున ముందుకు తోసేయండి. మధ్యలో ఆగితే అడ్డగీతలు పడతాయి. స్మియర్ (పల్చని నెత్తురు పూత) బొటనవేలి ఆకారంలో వచ్చి చివర పల్చబడిందంటే కుదిరినట్టే.

ఆరాక లీష్‌మన్ రంగు (నెత్తురు కణాలకు వేసే రంగు) పోసి రెండు నిమిషాలు ఉంచండి. అందులోని మిథనాలే కణాలను గాజుకు అతికిస్తుంది. తర్వాత దాని మీదే రెట్టింపు బఫర్ నీళ్లు (పీహెచ్ 6.8 దగ్గర నిలిచి ఉండేవి) పోసి పది నిమిషాలు ఆగి కడగండి. మొదటి ఏడాది నేను రంగును స్లైడు మీదే ఎండబెట్టేసి, మిగిలిన ఊదా మరకలను బాక్టీరియా అని రికార్డులో రాశాను. మీరు గడియారం చూసుకోండి.

ముందు కోడి స్లైడు. పల్చని అంచుకు కాస్త వెనక, కణాలు విడివిడిగా ఉన్నచోట ఆగండి. గులాబీ రంగు కోడిగుడ్డు ఆకారాలే ఎర్రకణాలు, ప్రతిదాని నడుమా ముదురు ఊదా గింజ. గింజ కేంద్రకం, చుట్టూ ఉన్నది ఆక్సిజన్‌ను మోసే హీమోగ్లోబిన్ నిండిన కణద్రవ్యం. కొన్నింటిలో గింజ పెద్దగా, లేతగా ఉండి, కణం గుండ్రంగా, నీలిఛాయతో కనిపిస్తుంది. అవి పిల్ల కణాలు. హీమోగ్లోబిన్ తయారీ ఇంకా సాగుతోంది కాబట్టి వాటిలో ఆర్‌ఎన్‌ఏ ఎక్కువ, నీలం దానిదే. పని ముగిసిన కణంలో క్రోమాటిన్ (కేంద్రకంలోని డీఎన్‌ఏ పదార్థం) మూట కట్టేసినట్టు ముడుచుకుంటుంది.

ఇప్పుడు మేక స్లైడు. చుక్కల్లాంటి చిన్న బిళ్లలు, కేంద్రకం ఊసే లేదు. కోడి కణం పొడవు దాదాపు 12 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు), మేకది మూడు పైచిలుకు. ఒక కోడి కణం పొడవున మేక కణాలు మూడునాలుగు వరసగా పడతాయి. కుక్కది ఏడు మైక్రాన్లు కాబట్టి, కుక్క నెత్తురు చూసి అలవాటైన కంటికి మేక కణాలు జబ్బువేమో అనిపిస్తాయి. జబ్బేమీ లేదు, మేక తీరే అంత.

క్షీరదాల ఎర్రకణం ఎముక మజ్జలోనే కేంద్రకాన్ని బయటికి నెట్టేస్తుంది. ఆక్సిజన్‌తో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా కూడా పోతాయి. ఇక గ్లూకోజును ఆక్సిజన్ వాడకుండానే విడగొట్టి శక్తి తెచ్చుకోవాలి. మోసే ఆక్సిజన్‌ను తాను తినదన్నమాట.

ఈ తేడా ల్యాబులో తగులుతుంది. క్షీరదాల కోసం అమర్చిన కౌంటర్‌లో (కణాలను లెక్కపెట్టే యంత్రం) కోడి నెత్తురు పెడితే, ఎర్రకణాలు పగిలినా కేంద్రకాలు మిగిలి తెల్లకణాల లెక్కలో కలుస్తాయి. అందుకే కోడికి చేత్తో లెక్కపెడతారు. డీఎన్‌ఏ తీసేటప్పుడు మాత్రం కోడిదే హాయి, ఎర్రకణాల్లోనూ కేంద్రకం ఉంటుంది కాబట్టి చిటికెడు నెత్తురు చాలు. మేకకైతే తెల్లకణాల మీదే ఆధారపడాలి.

అభ్యాసం: రెండు స్లైడుల్లోనూ పది కణాలు చొప్పున బొమ్మ గీసి, కోడివాటిలో పిల్ల కణాలను గుర్తించండి. ఇంకో స్లైడు ఊహించుకోండి: ఎర్రకణాలు కోడివాటిలాగే కోలగా ఉన్నాయి, కానీ కేంద్రకం లేదు. ఏ జంతువుది? జవాబు 4వ పాఠంలో.