లివర్‌లో చిన్న గడ్డ: ఆపరేషన్ లేని చికిత్సల్లో మీకేది సరిపోతుందో చూసుకోవడం

నేను ఇంటర్వెన్షనల్ రేడియాలజీ విభాగంలో, అంటే స్కాన్‌లో చూస్తూ సూదులతో, సన్న గొట్టాలతో చికిత్స చేసే చోట, నర్సుని. లివర్ క్యాన్సర్ తొలిదశలోనే బయటపడినా ఆపరేషన్‌కి లివర్ తట్టుకోదని తేలాక, ఇంటివాళ్లు ఫైలు పట్టుకుని మా దగ్గరికి వస్తారు. "సిస్టర్, ఆర్‌ఎఫ్‌ఏ మంచిదా, టేస్ మంచిదా?" అంటారు (ఆర్‌ఎఫ్‌ఏ అంటే గడ్డని వేడితో కాల్చడం, టేస్ అంటే గడ్డకి రక్తం వెళ్లే దారిలో మందు వేసి మూసేయడం). దానికి జవాబు సగం ఆ ఫైల్లోనే ఉంటుంది.

ముందు స్కాన్ రిపోర్టు తీయండి. గడ్డ ఎన్ని సెంటీమీటర్లు, ఎన్ని ఉన్నాయి, దేన్ని ఆనుకుని ఉన్నాయి, పేగుల నుంచి లివర్‌కి రక్తం తెచ్చే పోర్టల్ సిరలోకి పాకిందా అన్నవి చూసి రాసుకోండి. తర్వాత లివర్ ఎంత బాగా పనిచేస్తోందో చెప్పే చైల్డ్-ప్యూ గ్రేడ్ అడగండి. బిలిరుబిన్, ఆల్బుమిన్, రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్‌ఆర్, పొట్టలో నీరు, మనిషి మగతగా తికమకగా ఉండటం, ఈ ఐదూ కలిపి ఏ, బీ, సీ అని ఇస్తారు. సీ అయితే, అంటే లివర్ బాగా దెబ్బతిని ఉంటే, ఈ చికిత్సల వల్ల మేలు కంటే కీడే ఎక్కువ కావచ్చు. అప్పుడు లివర్ మార్పిడి కుదురుతుందా అని అడగాలి.

గడ్డలు మూడుకి మించకుండా, ఒక్కోటీ 3 సెంటీమీటర్లు దాటకపోతే మొదట అబ్లేషన్ గురించే అడగండి. స్కాన్‌లో చూస్తూ చర్మం గుండా సూది పంపి గడ్డని వేడితో కాల్చేస్తారు. ఆర్‌ఎఫ్‌ఏ, మైక్రోవేవ్ ఇందులో రెండు రకాలు. 2 సెంటీమీటర్ల లోపు ఒక్క గడ్డకి దీని ఫలితం ఆపరేషన్‌కి దగ్గరగా ఉంటుంది. అయితే గడ్డ ఒక్కటీ కాలితే చాలదు, చుట్టూ కనీసం అర సెంటీమీటరు మంచి లివర్ కూడా కాలాలి. అందుకే "మార్జిన్ ఎంత వస్తుంది?" అని తప్పకుండా అడగమంటాను.

గడ్డ ఎక్కడుందన్నది చాలా ముఖ్యం. పెద్ద రక్తనాళం పక్కనుంటే, పారే రక్తం వేడిని లాక్కుపోయి అంచున క్యాన్సర్ కణాలు మిగిలిపోవచ్చు. ఆర్‌ఎఫ్‌ఏతో ఈ ఇబ్బంది ఎక్కువ. మైక్రోవేవ్ త్వరగా, ఎక్కువ వేడి పుట్టిస్తుంది కాబట్టి అక్కడ అదే నయం. పిత్తాశయాన్నో పేగునో ఆనుకుని ఉంటే మాత్రం రెండింటికీ జాగ్రత్త కావాలి. మధ్యలోకి ద్రవం ఎక్కించి పేగుని దూరం జరుపుతారా అని అడగండి. సూదికి అందని చోట ఉంటే ఎస్‌బీఆర్‌టీ ఉంది. ఇది గురిచూసి ఇచ్చే రేడియేషన్, కొద్ది సిట్టింగుల్లో అయిపోతుంది, మత్తు అక్కర్లేదు.

టేస్ పని వేరు. గడ్డకి రక్తం దాదాపు అంతా హెపాటిక్ ధమని నుంచే వస్తుంది. మంచి లివర్‌కి మాత్రం ఎక్కువ భాగం పోర్టల్ సిర ఇస్తుంది. అందుకే తొడ దగ్గరో మణికట్టు దగ్గరో ధమనిలోంచి సన్న గొట్టం పంపి, గడ్డకి వెళ్లే కొమ్మలో కీమో మందు వేసి ఆ దారి మూసేస్తారు. తర్వాత కొన్ని రోజులు జ్వరం, నొప్పి, వాంతులు ఉంటే కంగారుపడకండి, కానీ డాక్టరుకి చెప్పండి. ఒక్కసారితో గడ్డ పూర్తిగా చావకపోవచ్చు, మళ్లీ చేయాల్సి రావచ్చు. కాబట్టి అబ్లేషన్ కుదిరే చిన్న గడ్డకి నేరుగా టేస్ అంటే, ఎందుకని గట్టిగా అడగండి. అబ్లేషన్ కుదరనప్పుడూ, మార్పిడికి లివర్ దొరికేదాకా గడ్డ పెరగకుండా ఆపడానికీ టేస్ బాగా పనికొస్తుంది.

టేర్ అనే ఇంకో చికిత్సలో అదే దారిలో రేడియేషన్ ఇచ్చే యిట్రియం-90 సన్న పూసలు పంపుతారు. 8 సెంటీమీటర్ల దాకా ఉన్న ఒంటి గడ్డకి దీన్ని ఆలోచిస్తారు. పూసలు ఊపిరితిత్తుల్లోకి జారతాయేమో చూడటానికి ముందు పరీక్షగా ఒక యాంజియోగ్రామ్ చేయాలి. ఖర్చు చాలా ఎక్కువ.

ఏది చేయించుకున్నా సర్జన్, లివర్ డాక్టర్, రేడియాలజిస్టు, ఆంకాలజిస్టు కలిసి చూసిన నిర్ణయం కావాలని అడగండి. అడగడానికి మొహమాటపడకండి. ఆరోగ్యశ్రీ వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే కనుక్కోండి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పల్చబరిచే మందులు వాడుతుంటే డేట్ తీసుకునేటప్పుడే చెప్పండి. హెపటైటిస్ బి మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు.

సుమారు నెల తర్వాత తీసే స్కాన్‌ని వాయిదా వేయకండి. గడ్డలో ఇంకా రంగు మందు తీసుకునే భాగం కనిపిస్తే అక్కడ క్యాన్సర్ బతికే ఉందని అర్థం, మళ్లీ చికిత్స చేయొచ్చు. ఆ తర్వాత మొదట్లో మూడు నెలలకోసారి స్కాన్ ఉంటుంది. పాత సీడీలన్నీ వెంట తీసుకెళ్లండి, పక్కపక్కన పెట్టి పోల్చి చూస్తారు.