లోహాలు మింగించిన ఎలుకలపై పరిశోధనను చదవడం ఎలా

మూసీ నీటితో పండించిన ఆకుకూరల్లోని సీసం, కాడ్మియం గురించి హైదరాబాద్‌లో చర్చ వచ్చినప్పుడు అవి హానికరమనడానికి ఎలుకల ప్రయోగాలను సాక్ష్యంగా చూపుతుంటారు. ఆ మాటను నమ్మేముందు గానీ, కొట్టిపారేసేముందు గానీ మూల పత్రంలో ‘పద్ధతులు’ అనే భాగాన్ని చదవాలి, సారాంశం చాలదు.

మొదట లోహం ఏ రూపంలో ఇచ్చారో చూడండి. మింగిన ద్రవ పాదరసం పేగుల్లో దాదాపు ఇంకదు (దాని ఆవిరిని పీల్చడం మాత్రం ప్రమాదకరం), కానీ చేపల్లో పేరుకునే మిథైల్ పాదరసంలో 90 శాతానికి పైగా రక్తంలో చేరుతుంది.

తర్వాత మోతాదును మీరే లెక్కగట్టండి. లీటరుకు 500 మిల్లీగ్రాముల లెడ్ అసిటేట్ (సీసపు లవణం) కలిపిన నీటిని 200 గ్రాముల ఎలుక రోజుకు 20 మిల్లీలీటర్లు తాగితే, కిలో శరీర బరువుకు 50 మిల్లీగ్రాములు అందినట్లు. శరీర ఉపరితల వైశాల్యాల తేడాను బట్టి ఎలుక మోతాదును మనిషికి అన్వయించడానికి వాడుకలో ఉన్న 6.2తో దాన్ని భాగిస్తే కిలోకు సుమారు 8 మిల్లీగ్రాములు వస్తుంది. ఆ లవణం ట్రైహైడ్రేట్ (నీటి అణువులు కలిసిన) రూపమైతే అందులో సీసం దాదాపు 55 శాతమే కాబట్టి, 60 కిలోల మనిషికి రోజుకు 260 మిల్లీగ్రాములకు పైగా సీసం అవుతుంది. తాగునీటికి భారతీయ ప్రమాణం అనుమతించే గరిష్ఠ పరిమితి లీటరుకు 0.01 మిల్లీగ్రాము, ఆ స్థాయి నీరు రెండు లీటర్లు తాగినా అందేది 0.02 మాత్రమే.

ఇంత తేడా చూసి నిశ్చింతగా ఉండకూడదు, ఎందుకంటే అసలు విషయం జంతువు వయసులోనూ, మేతలోనూ ఉంది. పాలు తాగే ఎలుక పిల్లలు పెద్ద ఎలుకల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ సీసాన్ని గ్రహిస్తాయి. ఇనుము, కాల్షియం తక్కువైన మేత తిన్నప్పుడు అది మరింత పెరుగుతుంది. ప్రయోగశాల ఎలుకకు సాధారణంగా సమతుల మేత దొరుకుతుంది, మన బస్తీల్లో రక్తహీనతతో ఉన్న పసిబిడ్డకు ఆ రక్షణ లేదు. అందువల్ల మేత వివరాలు ఇవ్వని పత్రాన్ని నేను బలమైన సాక్ష్యంగా తీసుకోను.

జీవజాతుల మధ్య తేడానూ గమనించండి. ఆర్సెనిక్ ఎలుకల ఎర్ర రక్తకణాల్లో నిలిచిపోతుంది గనుక, ఆ మూలకం విషయంలో ఎలుక మనిషికి మంచి నమూనా కాదు.

చివరగా, హాని కనిపించని మోతాదును 100తో భాగించి సురక్షిత స్థాయిని నిర్ణయించే పద్ధతిని సీసానికి వర్తింపజేయకండి. సీసానికి హాని లేని స్థాయి అంటూ తేలలేదు కనుకనే ఆహార భద్రతను చూసే అంతర్జాతీయ నిపుణుల సంఘం (JECFA), ఆహారం ద్వారా వారానికి ఇంత సీసం వరకు ఫరవాలేదన్న తన పాత పరిమితిని 2010లో ఉపసంహరించుకుంది. ఇంట్లో చిన్నపిల్లల గురించి అనుమానం ఉంటే, ఎలుకల ఫలితాలతో లెక్కలు వేసుకోకుండా వైద్యుల సలహాతో రక్తంలో సీసం పరీక్ష చేయించండి.